కుంకుమ చూసి మూసుకున్న కత్తి

నా చెయ్యి ఎంత నిలకడైనదంటే, మంగలి కత్తితో నిద్రపోతున్న పిల్లికి మీసం గొరిగినా అది లేవదు.

ఇప్పుడా పాత కత్తులు ఎవరింట్లో ఉన్నాయి లెండి! అందరివీ రాజా కంపెనీ కత్తులే. స్ఫటికం పిడి, నీటి పొరలాంటి అంచు. గాల్లో తేలుతూ వచ్చి వాటంతటవే గడ్డం గీస్తాయి. నెత్తుటి చుక్క కనబడిందా, మూసుకుపోయి, ఆ గాయం మాన్పేదాకా ఇంకో పని ముట్టుకోవు.

మా మనవడు విరించి పెళ్లినాడు పొద్దున్నే కొత్త కత్తి విప్పాం. అది ఒక చెంప గీసి కాస్త ఆగింది. "అయ్యో, కొత్త వస్తువుకి బొట్టు పెట్టలేదే!" అంటూ మా ఆవిడ సూరమ్మ దాని అంచుకి కుంకుమ అద్దింది. కత్తి టప్పున మూసుకుని అరిచింది:

"రక్తం! గాయపడ్డవారెక్కడ?"

"కుంకుమే తల్లీ!" అని సూరమ్మ బతిమాలింది. తుడిచి చూపించినా వినలేదు.

"తాతయ్యా, సగం గడ్డంతో పీటల మీద కూర్చోనా?" అన్నాడు విరించి ఏడుపు మొహంతో.

"నేనున్నానుగా!" అని మా నాన్న వాడిన కత్తి తీశాను. వాడు నా చెయ్యి చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. తెలివైనవాడు. తెరుస్తూనే నా బొటనవేలు తెగింది. ఆ పిల్లి సంగతి మీరిక మర్చిపోండి.

రాజా కత్తి విచ్చుకుని వచ్చి నా వేలి మీద వాలింది. ఏదో చల్లదనం పాకింది. చూస్తుండగానే చర్మం అతుక్కుంది, మచ్చయినా లేదు. "నొప్పి తగ్గిందా తాతా?" అని అడిగి, అప్పుడు వెళ్లింది మనవడి రెండో చెంప మీదికి.

ఇందులో నేను కల్పించింది ఒక్క మాటే. అది "తాతా" అనలేదు, "వినియోగదారు గారూ" అంది. అంత మెత్తగా అడిగితే నాకు మాత్రం అలాగే వినబడింది.