కొత్త నొప్పి

నూకరత్నం మణికట్టుకు కట్టిన, నొప్పి కొలిచే బ్యాండు ఆ రోజు కూడా సున్నానే చూపించింది. అది ఐదు చూపిస్తేగానీ ఏ మందుల షాపూ మాత్ర ఇవ్వదు. రొయ్యల ఫ్యాక్టరీలో, ఐసు నీళ్లలో నిలబడీ నిలబడీ ఆమె నడుం పదకొండేళ్లుగా లాగేస్తూనే ఉంది. నలుగురు డాక్టర్లు బ్యాండు చూసి పంపించేశారు. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు.

ఐదో డాక్టరు బ్యాండు వైపు చూడనే లేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఆమె చెప్పిందంతా గంటసేపు విన్నాడు.

"మీకు నొప్పి ఉందమ్మా. నేను నమ్ముతున్నాను," అన్నాడు.

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "మరి ఇది సున్నా అంటాదేంటండీ?"

"ఏళ్ల తరబడి ఉన్న నొప్పిని అది మామూలే అనుకుంటుంది. కొత్త నొప్పి వస్తేనే కదులుతుంది."

"అయితే నాకు మందు రాదాండీ?"

"ఎందుకు రాదు? ఇక్కడికొచ్చిన అందరికీ ఇప్పించాను."

బయట బెంచీ మీద మందుచీటీలు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆమెకు గుర్తొచ్చారు. ప్రతి ఒక్కరికీ ఒక చేతికి కట్టుంది.

డాక్టరు లేచి తలుపు గడియ పెట్టాడు. సొరుగు లాగుతూ, ఎంతో మెత్తగా అడిగాడు.

"రొయ్యలు ఏ చేత్తో ఒలుస్తారమ్మా?"

"కుడి చేత్తోనండీ," అని నూకరత్నం ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది.