ముందు చెవి

“ఇదేటి, దోమని కొడతన్నాడా?”

కూతురు చరిత కంప్యూటర్‌లో చూపించిన బొమ్మకు పైడిరాజు మూతి విరిచాడు. తెర మీద ఓ రైల్వే మనిషి బండి చక్రాలను సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోతున్నాడు. ఖరగ్‌పూర్‌లో ముప్పై మూడేళ్లు చక్రాలు కొట్టి బీటలు కనిపెట్టినవాడికి చూపించే బొమ్మా ఇది!

“నేను గియ్యలేదు నాన్నా. మాట చెప్తే మిషనే గీసిచ్చింది.”

“అందుకే అలగేడిసింది.”

తాల్‌బగీచా పేటలో చరిత నడిపే ఆ స్టూడియోలో ఒకప్పుడు తొమ్మిదిమంది కార్టూన్లు గీసేవారు. ఇలాంటి మిషన్లొచ్చాక పనులు పోయి చరిత ఒక్కతే మిగిలింది. ఇవాళ స్టూడియో మూసేస్తూ, బోర్డు దించడానికే తండ్రిని పిలిచింది.

“సుత్తి కాదే, ముందు సెవి ఒంగాల. దెబ్బ కొట్టేదే ఇనడానికి. బీటుంటే సక్రం బొంగురుగా పలుకుతాది. ఈడికి సెవులుంటే కదా!”

బోర్డు మేకులు పీకడానికి తెచ్చిన సుత్తితోనే కిటికీ ఊచను కొట్టి చూపించాడు. మెడ వంచి, ఊపిరి బిగబట్టి, మోత ఆగేదాకా విన్నాడు.

మోత ఆగాక వెనక ఏదో గరగరమంది. తిరిగి చూస్తే చరిత నేల మీద కూర్చుని, కాగితం మీద పెన్సిలుతో అతని మెడ వంపు గీస్తోంది. రెండేళ్లుగా పెన్సిలు ముట్టని పిల్ల.

“మళ్లీ కొట్టు నాన్నా. మెడ కుదరలేదు.”

“ఈ వయసులో నాకు తైతక్కలాటేటి? ఇదే ఆకరు. ఇంకోపాలి అడిగినావంటే ఊరుకోను.”

అలా కసురుతూనే ఏడుసార్లు కొట్టాడు పైడిరాజు. బోర్డు మేకు ఒక్కటీ ఊడలేదు.