పొగ లేని కారు

అనకాపల్లి రవాణా ఆఫీసు గేటు దగ్గర, ముందున్న పాత వ్యాను గట్టిగా దగ్గి, దేవీప్రసాద్ కొత్త తెల్లకారు మొహాన ఇంత పొగ వదిలింది.

తిడదామని అతను అద్దం దించబోయి, పొగ చూసి మళ్ళీ ఎత్తేశాడు. తిట్టు లోపలే ఉండిపోయింది. పక్క సీట్లో ఉన్న భార్య ధనశ్రీకి వినక తప్పలేదు.

అసలే అతను న్యాయం కోసం వచ్చిన మనిషి.

ఆ కారు సగం పెట్రోలుతో, సగం బ్యాటరీతో నడుస్తుంది. లీటరుకి ఇరవై ఆరు కిలోమీటర్లు ఇస్తుందని పెళ్ళిళ్ళలోనే కాదు, పరామర్శలకి వెళ్ళినప్పుడు కూడా చెప్పేవాడు. ఎదురింటి మోహిత్ పూర్తి బ్యాటరీ కారు కొంటే లైఫ్ టాక్స్ అక్కర్లేదన్నారు. ఇతని దగ్గర మాత్రం మొత్తం కట్టించుకున్నారు. ఆనాటి నుంచి దేవీప్రసాద్ ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా అది ప్రభుత్వం చేసిన అన్యాయమే.

ఇన్‌స్పెక్టరు ఆనందకుమార్ అంతా ఓపిగ్గా విన్నాడు. రూలు తను రాయలేదన్నాడు. కట్టిన టాక్సు వెనక్కి రాదన్నాడు. బయట బండ్లు చూడాలంటూ లేచాడు.

ఆ బండ్లలో పొగ వ్యాను మొదటిది.

దాని పక్కన యాభై దాటిన సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. పేరు స్టీవెన్, నక్కపల్లి దగ్గర పల్లె. పాత బండికని వేసే గ్రీన్ టాక్స్ కట్టేశాడు. బండి తిరగడానికి పనికొస్తుందని ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది రాకపోతే ఇక వ్యాను రోడ్డెక్కదు.

ఏం తోలుతుంటావని ధనశ్రీ ఊరికే అడిగింది.

"ఇదీ అని లేదమ్మా. ఎవులూ ఎక్కించుకోనివి నానేసుకెల్తాను."

"ఈ పొగకి వేరేవాళ్ళు పిలుస్తారా ఏటి?" అన్నాడు దేవీప్రసాద్.

స్టీవెన్ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"వారం టైమిప్పించండి బాబూ. ఇంజను పని సేయించి తెత్తాను. బండి మాత్రం ఆపకండి."

ఆనందకుమార్ మెత్తబడ్డాడు. వారంలో బాగు చేయించి తెమ్మన్నాడు.

అంతే, దేవీప్రసాద్ ఫోను తీసి వ్యాను చుట్టూ తిరుగుతూ వీడియో పట్టాడు.

"పొగ రాని నా కారుకి పూర్తి టాక్సు. ఈ బండికి వారం గడువు. ఇదెక్కడి న్యాయమండీ? పైవాళ్ళకి పంపుతాను, వాళ్ళనే చెప్పమందాం."

ఆనందకుమార్ ఆ ఫోను వంక చూశాడు. తన ఉద్యోగం వంకా చూసుకున్నాడు. వ్యాను పనికిరాదని రాసి, తాళాలు తీసుకున్నాడు.

స్టీవెన్ వాదించలేదు. "బాబు సెప్పిందీ నిజవే. పొగొత్తంది," అన్నాడు. బండిలోంచి మడతపెట్టిన తెల్ల దుప్పట్లు తీసి చంకన పెట్టుకుని బస్సు కోసం నడిచి వెళ్ళిపోయాడు.

టాక్సు రాకపోయినా న్యాయం జరిగిందని దారంతా దేవీప్రసాద్ సంతోషపడ్డాడు.

ధనశ్రీ ఏసీ పెంచింది.

ఎండాకాలంలో ఆమె తండ్రి సూర్యనారాయణ తద్దినం వచ్చింది. కరోనాలో పోయాడాయన. అప్పుడు దారులన్నీ మూసేశారని దేవీప్రసాద్ ఆమెని పుట్టిల్లు పాయకరావుపేటకి పంపలేదు. మొదటి తద్దినానికి ఆమెకి జ్వరం. ఈసారి కొత్త కారులో మొగుడితో వచ్చింది.

తల్లి మరిడమ్మ తద్దినం వంట మొదలుపెట్టకముందే ఒక్క మనిషికి సరిపడా విడిగా వండి మూతపెట్టింది.

ఎవరికని అడిగింది ధనశ్రీ.

నాన్నని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వ్యాను ఆయనకంది. కిరస్తానీ కాబట్టి పెద్దలకి పెట్టినవి తినడంది. నిరుడు కూడా ఇలాగే విడిగా వండితే తిని వెళ్ళాడంది.

తద్దినం అయింది. అందరి భోజనాలూ అయ్యాయి. ఆయన రాలేదు.

మరిడమ్మ ఫోను చేసింది. చాలాసేపు వింది. ఫోను పెట్టేసి, ఆ గిన్నెల ముందే కూలబడింది.

"రాలేడంట. బండి తుక్కుకి తోసీసేరంట. అనకాపల్లిలో ఎవులో కారాయన వీడియో తీసి పట్టించేడంట." గిన్నె మూత సర్దింది. "అందుకేనే, మొన్న మన దేముడు మావ పోతే ఆసుపత్రి కాడ శవం పొద్దోయేదాకా ఉండిపోయింది. ఈయన బండుంటే అలగుండునా?"

ధనశ్రీ తల్లి పక్కన కూర్చుంది.

"ఆయన పేరేటమ్మా?"

"స్టీవెను. నక్కపల్లి కాడుంటాడు."

వీధిలో దేవీప్రసాద్ పంతులుగారిని కారెక్కమని బలవంతం చేస్తున్నాడు. ఎండలో నడవడమేమిటి, ఇంటి దాకా దింపి వస్తానంటూ తలుపు తీసి పట్టుకున్నాడు.

మరిడమ్మ కిటికీలోంచి అటు చూసింది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట, కూతురి మొహం చూడకుండా చెప్పింది.

"ఆ రోజు ముందు మీ ఆయనకే ఫోన్ సేసేనే, శవాన్ని ఎక్కిత్తే అప్పటి కారు సీట్లు పాడయిపోతాయని పెట్టీసేడు, మీ నాన్నని ఇంటికి తెచ్చి, ఊళ్ళో ఒక్కడూ గడప దాటకపోతే కొరివెట్టింది ఆ స్టీవెనే."