చెడిన ఏకగ్రీవం

నామినేషన్ కాగితం ఇవ్వాలి. బాలశౌరిని ఇస్త్రీ చొక్కా అరువడగాలి. క్లాసు క్లాసుకీ తిరిగి దణ్ణాలు పెట్టాలి. గెలిస్తే లడ్డూలు పంచాలి.

తొంభై ఎనిమిదిలో, విజయవాడలో విద్యార్థి ఎన్నికలు ఇంకా మానని ఒక కాలేజీలో, కిరీటి చేయాల్సిన పనులివి.

మొదటిది అయింది. మిగతావి దండగన్నాడు స్నేహితుడు బాలశౌరి.

"ప్రెసిడెంటు పోస్టంటే కొట్టుకు చస్తార్రా. సంఘాల కార్యదర్శికి పోటీ ఎవడొస్తాడు? గది ఊడ్చుకునే పని! ఏకగ్రీవమే. నా చొక్కా నాకు మిగిలింది."

నిజమే. సాహితీ సమితి, నాటక సమాజం, చదరంగం జట్టు... చిన్నాచితకా సంఘాలన్నిటికీ కలిపి ఒకటే గది. దాని బాగోగులు చూసేవాడే సంఘాల కార్యదర్శి. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టించాలని ప్రిన్సిపాల్ గారికి ఎప్పట్నించో కోరిక.

కిరీటికి మాత్రం ఆ గది ప్రాణం. చల్లపల్లి దగ్గర కౌలురైతు కొడుకతను. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. నలుగురిలో నోరు పెగలనివాడికి నిలబడి మాట్లాడటం నేర్పింది ఆ గదే.

గడువు ముగిసే వేళకు బాలశౌరి రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగిందిరా! ఇంకో నామినేషన్ పడింది. ఎవరో హఫ్సా అట. బీఎస్సీ."

ఎవరా అమ్మాయి? కొండపల్లి నుంచి రోజూ రైల్లో వస్తుందనీ, సాయంత్రం రైలు వేళదాకా ఆ గదిలోనే కిటికీ పక్కన చదువుకుంటుందనీ ఎవరో చెప్పారు. కిరీటి ఎన్నోసార్లు చూసిన మనిషే. పేరు అడిగిన పాపాన పోలేదు.

నేరుగా ఆ గదికి వెళ్లి నిలదీశాడు.

"ఏవమ్మా, మా ఊళ్లో సర్పంచ్ పదవే ఏకగ్రీవం చేసుకుంటారు. చక్కగా అయ్యేదాన్ని చెడగొట్టావెందుకు?"

"నేను నిలబడకూడదాండీ?"

"నీకేం తెలుసు ఈ పని?"

"ఏం తెలీదు. మీరు బాగా తిరగండి. నేనైతే తిరగను."

"తిరక్కపోతే ఓట్లెలా పడతాయి?"

"పడవు," అని నవ్వింది. ఆనక మెల్లగా అడిగింది. "గెలిచాక ఈ గది ఆరింటిదాకా తీసి ఉంచుతారా? మా రైలు ఆరున్నరకండీ."

వేళాకోళం చేస్తోందనుకున్నాడు. విసవిసా వచ్చేశాడు.

ఆ ఉక్రోషంతోనే అరువు చొక్కా తడిసి ముద్దయ్యేలా తిరిగాడు.

ఓట్లు లెక్కపెట్టారు. అన్నీ కిరీటికే. హఫ్సాకు సున్నా.

అందరూ గొల్లుమన్నారు.

"తన ఓటు తనకు వేసుకోవడం కూడా రాలేదురా పాపం!" అంటూ బాలశౌరి బోర్డు మీద ఆమె పేరు ఎదురుగా గుమ్మడికాయంత సున్నా చుట్టాడు.

హఫ్సా గుమ్మంలో నిలబడి ఆ సున్నాను చూసింది. చిన్నబుచ్చుకోలేదు. వచ్చిన పని అయిపోయినట్టు సంచీ భుజాన వేసుకుంది.

"కంగ్రాచ్యులేషన్సండీ."

కిరీటి లడ్డూ ఇవ్వబోయాడు. పక్కనున్నవాళ్ల నవ్వు చూసి తనూ నవ్వేసి, దాన్ని బాలశౌరి చేతిలో పెట్టాడు.

పదవి వచ్చాక, క్రమశిక్షణంటూ ఐదింటికే గదికి తాళం వేయసాగాడు. హఫ్సా వరండా మెట్ల మీద కూర్చుని చదువుకునేది. దసరా సెలవుల తరవాత మెట్ల మీదా కనిపించలేదు. ఏమైందని ఎవరూ అడగలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. వాటిని జరిపించే వెంకటసుబ్బారావు మాస్టారు కిరీటిని పిలిచారు.

"ఈసారైనా నీ పోస్టుకి ఇద్దర్ని ముందే వెతికిపెట్టవయ్యా."

"ఇద్దరెందుకు మాస్టారూ? ఒక్కడే ఉంటే ఏకగ్రీవం కదా."

"మన కాలేజీలో అది లేదు. ఇద్దరు నిలబడకపోతే పోస్టు రద్దు. గది ప్రిన్సిపాల్ గారి చేతికి పోతుంది. నిరుడు చివరి గంటదాకా నీ ఒక్కడి కాగితమే వచ్చింది. ఆయన తాళంకప్ప కూడా తెప్పించారు."

"మరి హఫ్సా కాగితం?"

"గదిలో ఆ హఫ్సా ఒక్కతే ఉంది. 'రేపట్నించి ఇంకోచోటు చూసుకో తల్లీ' అన్నాను. 'ఇంకొకళ్లుంటే చాలా సార్?' అనడిగి, అక్కడే కాగితం రాసిచ్చింది."

"మరి నాతో ఒక్క మాటైనా..."

"ఉత్తుత్తి పోటీ అని తెలిస్తే నామినేషన్ కొట్టేస్తారని ఆ పిల్ల భయం. నాచేత ఒట్టు వేయించుకుంది."

ఆ సాయంత్రమే కిరీటి ఆఫీసులో హఫ్సా చిరునామా తీసుకుని కొండపల్లి బస్సెక్కాడు. థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్సులో వాళ్లింటికి తాళం. పక్కింటి కనకలక్ష్మి గారు బయటికొచ్చారు.

"వాళ్ల నాన్నగారికి పాల్వంచ బదిలీ అయిందిగా బాబూ. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ కూడా మీ కాలేజీలో గది కబుర్లే. కిటికీలోంచి గాలి భలే వస్తుందటగా?"

మర్నాటి నుంచి, పదవి దిగేదాకా, కిరీటి ఆ గదిని ఆరింటిదాకా తీసే ఉంచాడు. కిటికీ పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. గుమ్మంలో అలికిడైతే చాలు, తల తిప్పి చూసేవాడు.

ఎవరో ఒకరు వచ్చేవారు. హఫ్సా రాలేదు.

అలా ఓ సాయంత్రం, ఖాళీ కుర్చీని చూస్తూ ఉండగా, అతనికి ఒక లెక్క తట్టింది. అన్ని ఓట్లూ తనకే పడ్డాయంటే, ఆమె ఓటు కూడా అందులోనే ఉంది. ఏకగ్రీవం చెడనే లేదు.

ఎక్కడైనా ఎవరికైనా సున్నా వచ్చిందని నలుగురూ నవ్వుతుంటే, మీరూ నవ్వబోయే ముందు, హఫ్సాను ఒక్కసారి తలుచుకోండి.