పైనింటి మౌనవ్రతం

పైఇంట్లో కొత్తగా దిగినావిడ ఆ రోజు మెట్లు దిగుతూ టైలరమ్మ గుమ్మం ముందు ఆగింది.

టైలరమ్మ కుట్టుమిషను వెలుతురు కోసం ఎప్పుడూ గుమ్మం పక్కనే ఉంటుంది. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ పలకరించనిదే ఆమెకు పొద్దుపోదు.

"కొత్తగా వచ్చారా? ఏం కావాలన్నా మొహమాటపడకండి. నీళ్ళు మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి, ఆలస్యమైతే పైదాకా ఎక్కవు" అంది.

ఆవిడ నవ్వుతూ నోరు తెరిచింది. అంతలో ఏమైందో టక్కున మూసేసింది. తల ఊపి, దిగిన మెట్లే ఎక్కి వెళ్ళిపోయింది.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు!" అని టైలరమ్మ మూతి తిప్పుకుంది.

అలా ఆరేళ్ళు గడిచాయి. పలకరిస్తే ఒక నవ్వు. అడిగితే ఒక తల ఊపు. కోటు చేతులు పొట్టి చేయించాలన్నా కొలత కాగితం మీద రాసి, పిన్నుతో గుచ్చి ఇచ్చేది.

పాపం మూగదేమో అని జాలిపడబోతే, పోస్టుమాన్ వచ్చి "పైనమ్మగారు భలే సరదా మనిషండీ, పోస్టాఫీసులో కబుర్లు మొదలెడితే ఆపరు" అన్నాడు.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఆ రోజే ఆవిడకు 'మౌనవ్రతం' అని పేరు పెట్టేసింది.

నిజానికి ఆవిడ రాకముందు నుంచే టైలరమ్మకు పొరుగువాళ్ళ మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు. పదిహేడేళ్ళ కూతురు చేజారిపోతోంది. స్నేహితులిచ్చిన మత్తుమాత్రలతో మొదలై, ఇంట్లో ఏ మాత్ర కనబడినా మింగేదాకా వచ్చింది. భర్త కోపంతో కూతురితో మాట మానేశాడు. టైలరమ్మ తిండి మానేసింది.

గ్రంథాలయం గోడ మీద ఆమెకు ఒక కాగితం కనబడింది. 'పిల్లలు మత్తుకు అలవాటుపడ్డారా? ఫోన్ చేయండి. మంగళ, శుక్రవారాలు, మధ్యాహ్నం. పేరు చెప్పనక్కర్లేదు.'

మౌనవ్రతం పైఇంట్లో దిగడానికి అప్పటికింకా రెండు నెలలుంది.

"నా పేరు చెప్పను" అంది టైలరమ్మ, ఇంట్లో గోడకున్న ఫోన్‌లో.

"నేనూ చెప్పను. చెల్లుకు చెల్లు" అని అవతల ఒక ఆడగొంతు నవ్వింది. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అమ్మా?"

కూతురి గురించి అడుగుతారనుకుంది గానీ, తన గురించి అడుగుతారనుకోలేదు. టైలరమ్మ భోరుమంది.

ఆ గొంతు ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇంట్లో మాత్రలన్నీ తాళం వేసి పెట్టండి. పిల్లకి మాత్రం తాళం వెయ్యకండి. శనివారం గ్రంథాలయం వెనక గదికి డాక్టరుగారొస్తారు."

"అది రానంటే?"

"మీరొక్కరే రండి. అక్కడ తల్లిదండ్రులకి కూడా కుర్చీలుంటాయి."

"మా మెట్ల మీద తిరిగేవాళ్ళలో ఒక్కరికి తెలిసినా నేను తలెత్తుకు తిరగలేను. మళ్ళీ మీకు ఫోన్ కూడా చెయ్యను."

"తెలియదమ్మా. ఆ పూచీ నాది."

వారానికి రెండుసార్లు ఆ గొంతే టైలరమ్మకు అన్నం తినిపించింది, నిద్రపుచ్చింది. ఒకసారి మాటల్లో పైనింటావిడ మీద చాడీ కూడా చెప్పింది.

"మా పైన ఒక పొగరుబోతు దిగింది. పలకరిస్తే నోరే విప్పదండీ!"

గొంతు చిన్నగా నవ్వింది. "పోనీలెండి. మీ సంగతి చెవిన పడ్డా బయటికి పోదుగా" అంది.

నెలల తర్వాత టైలరమ్మ ఆ రోజు పకపకా నవ్వింది.

పిల్ల ఒక్కరోజులో బాగుపడలేదు. రెండుసార్లు తేరుకుని రెండుసార్లు జారింది. మూడోసారి తండ్రే చెయ్యి పట్టుకుని వెనక గదికి తీసుకెళ్ళాడు, తనూ కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ పిల్లే శనివారాలు అక్కడికి వచ్చే పిల్లలతో మాట్లాడుతోంది.

ఇంట్లో గోడకి ఉండే ఆ ఫోన్ ఎప్పుడో తీసేశారు. అవి నిప్పుల మీద నడిచిన రోజులే. అయినా శుక్రవారం మధ్యాహ్నం మిషను ఆపి కూర్చుంటే, ఆ గొంతు మీద టైలరమ్మకు బెంగ పుడుతుంది. ఒకసారి మొహం చూసి దండం పెట్టుకుందామని గ్రంథాలయానికి వెళ్ళింది కూడా. "ఎవరన్నది మేం చెప్పకూడదమ్మా" అన్నారు వాళ్ళు.

పోయిన వారం మౌనవ్రతం నిద్రలోనే పోయింది.

ఇల్లు ఖాళీ చేయడానికి ఆవిడ చెల్లెలు వచ్చింది. సామాను దింపించి, అలసిపోయి టైలరమ్మ గుమ్మంలో కూలబడింది. టైలరమ్మ మంచినీళ్ళిచ్చింది.

"మీ అక్కగారు ఎవరి జోలికీ పోయేవారు కాదమ్మా. కాకపోతే..." టైలరమ్మకు ఉండబట్టలేదు. "ఆరేళ్ళలో నాతో ఒక్కమాటంటే ఒక్కమాట మాట్లాడలేదు."

చెల్లెలు గ్లాసు దింపి వింతగా చూసింది.

"మా అక్కా? అది నిద్రలో కూడా వాగేదండీ!"

"మరి ఇక్కడ ఎందుకలా?"

"నేనూ అడిగానండీ. ఎవరో ఏమిటో పేరు మాత్రం చెప్పలేదు గానీ, 'ఈ మెట్ల దగ్గర నా గొంతు గుర్తుపట్టే తల్లి ఒకావిడుందే, గుర్తుపట్టిందంటే సిగ్గుపడిపోయి, రేపు మళ్ళీ కష్టమొచ్చినా నాకు ఫోన్ చెయ్యదు' అనేది."