అట్టపెట్టెలు వెళ్ళే ఊరు

"ఈ డబ్బాలు తీస్కపోయెటోళ్లు ఎప్పుడస్తరమ్మా?"

సుహాసిని తలెత్తింది. కంపెనీ యూనిఫామ్‌లో యాభై ఏళ్ళ మనిషి ఒకడు హాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

దోహాలో తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు ఆ శుక్రవారం పెట్టెలు సర్దుతున్నారు. యుద్ధంలో నేలమట్టమై, ఇప్పుడిప్పుడే మళ్ళీ లేస్తున్న తెల్ యూనన్ అనే ఇరాక్ ఊరికి దుప్పట్లు, పాలపొడి, మందులు. సుహాసినిదే పెత్తనం.

"ఎవరు నువ్వు?"

"బుచ్చన్న అంటరు. ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపుల ఉంట. మొన్న మీ డ్రైవర్ హరి పాత దుప్పట్లు అడుగుతందుకు అచ్చిండు గదా, ఆయనే ఆ ఊరి పేరు చెప్పిండు."

"ఏ చర్చికి వెళ్తావు?"

"పోనమ్మా. మేం ఎల్లమ్మను కొలుస్తం."

సుహాసిని ముఖం ముడుచుకుంది. పోయిన వారమే దుప్పట్ల మూట ఒకటి మాయమైంది. పైగా, మతప్రచారం నేరమైన ఆ దేశంలో పరాయి మతస్తుల్ని లోపలికి పిలుస్తున్నారన్న మాట బయటికి పొక్కితే సంఘానికే ముప్పు.

"పెట్టెలు తీసుకెళ్ళేవాళ్ళతో నీకేం పని?"

"ఆ ఊరోళ్లకు ఒక మాట చెప్పేదున్నది."

"నాతో చెప్పు."

బుచ్చన్న తల అడ్డంగా ఊపాడు.

"వాళ్లకే చెప్పాలె. గా మూలకు కూసుంట. వాళ్లచ్చేదాక మూటలు కడత. బువ్వ గూడ వద్దు."

"హరీ, ఆ సంచి చూడు."

హరి సంచి బోర్లించాడు. ఒక తువ్వాలు, నీళ్ళ సీసా కిందపడ్డాయి. సీసా మూత ఊడి నీళ్ళన్నీ కారిపోయాయి.

ఎవరో నవ్వారు.

"ఏం లేవక్కా," అన్నాడు హరి.

"ఇంకా తియ్యలేదు కాబట్టి లేవు. పంపించెయ్."

"బయట ఎండ మండిపోతోందక్కా. వ్యాన్‌లో దింపేసి వస్తాను."

"వ్యాన్ పెట్టెలకి. వచ్చినవాడికి వెళ్ళడం తెలీదా?"

బుచ్చన్న తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

"ఆ ఊరోళ్లు వస్తే జెర నాకు ఫోన్ చేయించు తల్లీ. నా నంబరు..."

సుహాసిని తలుపు వేసేసింది.

జూలై మధ్యాహ్నం. బస్సుల జాడ లేదు. బుచ్చన్న క్యాంపుకు నడక మొదలుపెట్టాడు. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో చూసి ఆస్పత్రికి చేర్చారు. తెల్లారేసరికి పోయాడు.

మరుసటి శుక్రవారం అతని గదిలో ఉండే పోశన్న హాలుకు వచ్చాడు.

"మా బుచ్చన్న మీ దగ్గరికే పోతున్న అని చెప్పిండు మేడం. నిన్న శవాన్ని ఊరికి తోలిన్రు. ఆఖరుకు ఏమన్న చెప్పిండా అని అడుగుదామని అచ్చిన."

"ఇక్కడికెవరూ రాలేదు," అంది సుహాసిని.

హరి తల వంచుకుని పెట్టెకు టేపు అంటించసాగాడు. పోశన్న దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పెట్టెల కోసం తెల్ యూనన్ నుంచి మరియమ్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. టీ తాగింది. పెట్టెల పక్కన నిలబడి అందరితో ఫొటోలు దిగింది.

"ఇంకేమైనా కావాలా?" సుహాసిని ఇంగ్లీషులో అడిగింది.

మరియమ్ చుట్టూ ఉన్న ముఖాల్ని చూసింది.

"మీరంతా తెలుగువాళ్ళట. బుషన్న అనే మనిషి మీలో ఎవరికైనా తెలుసా? మా ఊళ్ళో ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నాను."

హరి చేతిలోని పెట్టె కింద పెట్టేశాడు.

"ఎందుకు?" సుహాసిని అడిగింది.

"మా నాన్న మా ఊరి పాస్టరు. యుద్ధంలో ఆయన్ని చంపి వీధిలో పడేశారు. ముట్టుకున్నవాణ్ణీ చంపుతామన్నారు. సొంతవాళ్ళమే పారిపోయాం."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పోతూ పోతూ అమ్మ వెనక్కి తిరిగి చూసిందట. బుషన్న ఒక్కడే నాన్నని భుజాన వేసుకుని వెళ్తున్నాడట. ఆయన్ని ఎక్కడ పాతిపెట్టాడో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే."