పులిసిన ట్యాంకు

“మూత తీసిందెవరు?”

సంఘం అధ్యక్షుడు చిటెమా అడగడం అది నాలుగోసారి. షెడ్డులో ముప్ఫైమంది ద్రాక్ష రైతులు కూర్చుని ఉన్నారు. రెండు వేల లీటర్ల వైన్ గాలి తగిలి, పులిసి, వెనిగర్ అయిపోయింది. రేకుల కింద వేడికి ఆ ఘాటు ఇంకా ముక్కులు అదరగొడుతోంది.

“తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళనడగండి. అందర్నీ కూర్చోబెట్టడం దేనికి?” అంటూ లేచాడు చివంగా అనే రైతు.

తలలన్నీ సెచెలేలా వైపు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళుగా ట్యాంకులు చూసుకునేది ఆవిడే. ఆవిడ గోడకు చేరబడే ఉంది.

“నా దగ్గరే ఉంది,” అంది.

“మరి నెలరోజులు మూత ఊడి ఉంటే కనపడలేదా అక్కా? కళ్ళా, కాయలా అవి?”

“నన్ను తీసేయండి. సరిపోతుంది.”

చిటెమా నుదురు రుద్దుకున్నాడు. “అంత తేలిగ్గా అంటావేంటమ్మా? వెనిగరైతే ఏం, డొడోమా పట్నంలో హోటళ్ళవాళ్ళు కొంటారు. బాధ అది కాదు. నువ్వు ఇలా చేశావంటే...”

“హోటళ్ళవాళ్ళు కొంటే మాకేం ఒరిగింది?” గయ్యిమన్నాడు చివంగా. “అమ్ముడుపోని వైన్ మన ఇళ్ళకు పంచుకోవాలని మనం పెట్టుకున్న రూలే కదా! ఈసారి డబ్బాల్లో ఏం మోసుకెళ్ళాలి? ఉగాలి ముద్దలోకి వెనిగర్ నంజుకోవాలా?”

మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఆడవాళ్ళు చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

చేతులెత్తించారు. సెచెలేలాని తీసేశారు. ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాకపోతే, చివంగా పక్కనున్న భార్యని మోచేత్తో పొడిచాడు. “మా తబిత చేస్తుంది. నా ఇంటి మనిషి చూసుకుంటే చుక్క కూడా పాడవదు.”

అందరూ వెళ్ళిపోయాక షెడ్డులో ఆడవాళ్ళిద్దరే మిగిలారు. సెచెలేలా నడుముకున్న తాళంచెవి విప్పి చాచింది.

“ఇదిగో. గొట్టాలు వేడినీళ్ళతో కడుగు. చీమలు పట్టకుండా చూసుకో. ఇక నా ఒంట్లో ఓపిక లేదు తల్లీ.”

తబిత తాళంచెవి అందుకుంది. తలమీది బట్ట జారితే ఎడమ కంటి కింద పచ్చబడి మాసిపోతున్న దెబ్బ కనిపించింది.

“కన్ను ఎలా ఉంది?”

“తగ్గిపోయింది. మూడు వారాల్నుంచి ఇంట్లో తాగడానికి చుక్క లేదుగా. కొత్త దెబ్బ పడలేదు.”

తబిత తలమీది బట్ట సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“రెండో ట్యాంకు మూత ఎన్నాళ్ళు తీసి ఉంచాలక్కా?”